బతుకమ్మ ఆటలో ఓఫ్రా పాటకు పది నిమిషాలు ఇవ్వండి

ఇజ్రాయెల్‌లో ఉంటున్న మన సంఘం కమిటీ పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్తే.

పోయిన శనివారం రూంలో కూర్చుని బతుకమ్మ ప్రోగ్రాం లిస్టు రాస్తున్నప్పుడు, ఈసారి ఇక్కడి గాయని ఓఫ్రా హజా పాట ఒకటి పెడదామని అడిగాను. అడిగిన పాపానికి మూడు మాటలు పడ్డాయి. "వారమంతా ముసలోళ్లతో హీబ్రూనే కదా, పండగ పూట కూడా అదేనా" అన్నారు ఒకరు. "ఈ దేశం పాట పాడితే ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో ఏమంటారో" అన్నారు ఇంకొకరు. మూడో మాట ఎవరన్నారో రాయను. "ఎయిడ్స్ వచ్చి చచ్చిపోయిందట కదా ఆమె, శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ పేరెందుకు?"

పది మంది నవ్వారు. నేనూ నవ్వు ముఖం పెట్టి, చాయ్ కప్పులు ఏరుకుని వంటింట్లోకి పోయాను. ఆ నవ్వు వారం రోజులుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. నోటితో చెప్పలేకపోయింది రాసి చెప్తున్నాను. నవ్విన పది మందీ కమిటీ వాళ్లు కాదు కాబట్టి అందరూ చదివేటట్టే రాస్తున్నాను.

మీలో చాలామందికి తెలుసు, నేను రోష్ హాయిన్‌లో ఒక యెమెనీ సావ్తాను, అంటే అవ్వను, చూసుకునే పని చేస్తాను. ఏడేళ్ల పిల్లగా 1949లో యెమెన్ నుంచి విమానంలో వచ్చిందట. 1949, 1950ల్లో అక్కడి యూదులను నలభై వేలకు పైగా మందిని ఇట్లాగే విమానాల్లో తెచ్చారు. అంతకుముందు విమానం అన్న వస్తువునే చూడని వాళ్లు వాళ్లు. నేను వచ్చిన కొత్తలో ఆమెకు నా మాట, నాకు ఆమె మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మమ్మల్ని కలిపింది స్హుగ్. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, ఇంత ఏలకుల పొడి వేసి నూరతారు. ఒక శుక్రవారం పొద్దున నేను మిక్సీ పక్కన పెట్టి రాయి మీద నూరుతుంటే సావ్తా వచ్చి వేలితో తీసుకుని నాకింది. "నీ చేయి యెమెనీ చేయి" అంది. మా అమ్మ నూరిన పచ్చడికి కూడా ఎవరూ అంత మెచ్చుకోలు ఇవ్వలేదు.

అదే పొద్దున రేడియోలో ఒక ఆడగొంతు వచ్చింది. ముందు వాయిద్యాలేవీ లేవు, గొంతు ఒక్కటే, పొడుగ్గా, తెల్లవారుజామున దూరం నుంచి వినపడే కేకలాగా. సావ్తా చేతిలో కత్తి కింద పెట్టింది. ఖాళీ ఆలివ్ నూనె డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఉంగరం ఉన్న వేలితో అంచు మీద, అరచేతితో నడుమ, టక టక ధిమ్, టక టక ధిమ్ అని మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులని మంచం దిగనామె ఇరవై నిమిషాలు వాయించింది. పాట రేడియోలో ఎప్పుడో అయిపోయింది, ఆమె ఆగలేదు. పూర్వం జెరూసలేంలో తమ గుడి కూలిపోయిన దుఃఖంలో యెమెన్‌లో తమవాళ్లు వాయిద్యాలు ముట్టుకునేవాళ్లు కాదని, అందుకే ఆడవాళ్లు రేకు డబ్బా, రాగి పళ్లెం వాయించుకునేవాళ్లని తర్వాత చెప్పింది. డబ్బా వాయిద్యం కాదు కదా, దేవుడు అడిగినా గిన్నె తోముతున్నానని చెప్పొచ్చు అని నవ్వింది.

ఆ గొంతు ఓఫ్రా హజాది.

మనం శుక్రవారం మధ్యాహ్నం బస్సులు ఆగకముందే పరుగెత్తుకుని వచ్చి దిగే దక్షిణ టెల్ అవీవ్ ఉంది కదా, ఆమెది అక్కడే. హతిక్వా పేట. మార్కెట్‌లో మనం కొత్తిమీర కట్టలు, మేకమాంసం కొనుక్కునే హతిక్వా. 1957 నవంబరు 19న అక్కడ పుట్టింది, తొమ్మిది మంది పిల్లల్లో ఆఖరిది. తల్లిదండ్రులు యెమెన్ నుంచి వచ్చినవాళ్లు. తల్లి నోటి నుంచే పాటలు నేర్చుకుంది. హతిక్వా అంటే ఆశ. ఈ దేశపు జాతీయగీతం పేరు కూడా అదే. కానీ ఆ రోజుల్లో ఆ పేట పేరు చెప్తే ఉద్యోగమిచ్చేవాడు ముఖం చిట్లించేవాడని సావ్తా కూతురు అంటుంది. పోలండ్ నుంచి, రష్యా నుంచి వచ్చినవాళ్లు పైన, యెమెన్, మొరాకో, ఇరాక్‌ల నుంచి వచ్చినవాళ్లు కింద. మనకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

పన్నెండేళ్లప్పుడు ఆ పేటలోనే బెజలేల్ అలోని అనే ఆయన నడిపే నాటక బృందంలో చేరింది. పేట పిల్లలతో పేట కష్టాల మీదే నాటకాలు వేయించేవాడు ఆయన. ఆ పిల్ల గొంతు విని పెద్ద పాటలు ఆమెకే ఇవ్వడం మొదలుపెట్టాడు, తర్వాత చాలా ఏళ్లు మేనేజర్‌గా ఆమె పక్కనే ఉన్నాడు.

1979లో వచ్చిన ఒక సినిమా పాటతో దేశమంతా తెలిసిపోయింది. పేరు షీర్ హఫ్రెహా. ఫ్రెహా అన్నది తిట్టు. యెమెన్, మొరాకో లాంటి చోట్ల నుంచి వచ్చిన, ఇక్కడ తూర్పువాళ్లు అనే పేద కుటుంబాల ఆడపిల్ల కాస్త మెరిసే బట్టలు కట్టుకుని, గట్టిగా నవ్వితే ఫ్రెహా అనేవాళ్లు. చదువు రాని, చవక పిల్ల అని అర్థం. ఆ తిట్టునే పాట పేరుగా పెట్టుకుని, అవును, నాకు డ్యాన్స్ చేయాలని ఉంది, సరదాగా ఉండాలని ఉంది, అయితే ఏంటి అన్నట్టు పాడింది. పాట రాసినవాడు సినిమా మనిషి, సంగీతం పేరున్న ఆయనది, కానీ ఆ మాటకు ఆమె గొంతు పెట్టింది ఆ పేట పిల్ల కాబట్టే అది నాటుకుంది. పోయిన ఏడాది ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో ఒకామె మనవాళ్ల పిల్లను చూసి ఏదో అంటే మనం ఎంత మండిపడ్డాం? ఆ మంటనే ఈమె పాటగా పాడేసింది.

రేడియోలో ఈ పాటలకు చోటు సరిగ్గా దొరకని రోజులు అవి. తూర్పు నుంచి వచ్చినవాళ్ల పాటలు క్యాసెట్ల మీద పాత సెంట్రల్ బస్ స్టేషన్ చుట్టూ బండ్ల మీద అమ్ముడుపోయేవి, వాటికి క్యాసెట్ పాటలు అనే పేరు వచ్చేసింది. మనం ఇంటికి డబ్బులు పంపడానికి లైన్‌లో నిలబడే నెవె షానాన్ వీధి అదే. మన దగ్గర తొంభైల్లో ఆర్టీసీ బస్టాండ్ల ముందు జానపదాల క్యాసెట్లు అట్లాగే అమ్మేవాళ్లు. రేడియోలో దొరకని పాటలు బస్టాండ్‌లో దొరికేవి.

1983లో ఆమెను యూరోవిజన్ పాటల పోటీకి పంపారు. పోటీ జరిగింది జర్మనీలోని మ్యూనిక్‌లో. 1972 ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ బృందంలో పదకొండు మందిని చంపిన ఊరు అది. అక్కడ నిలబడి ఆమె పాడిన పాట పేరు హై. బతికున్నాను అని అర్థం. 136 పాయింట్లతో రెండో స్థానం, గెలిచిన లక్సెంబర్గ్‌కు 142. ఆరు పాయింట్లతో పోయింది. సావ్తా ఈ ఆరు పాయింట్ల సంగతి నిన్న జరిగినట్టు చెప్పి ఇప్పటికీ యూరప్‌ను తిడుతుంది.

ఇక వాట్సాప్ గ్రూపుల్లో ఏమంటారో అన్న అక్కకు ఒక మాట. ఈ దేశం చేసే పనుల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, మన రూంలోనే నాలుగు రకాలు ఉన్నాయి, సైరన్ మోగినప్పుడు మాత్రం నలుగురం ఒకే షెల్టర్‌లోకి పరుగెత్తుతాం. హై పాట పెట్టమని నేను అడగడం లేదు. అది జెండా పాటలాగే ఉంటుంది, పండగకు వద్దు. నేనడిగేది ఇమ్ నిన్‌అలూ.

ఈ పాట గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

చేతిలో పేరుంది, హిట్లున్నాయి, యూరోవిజన్ నుంచి రెండో స్థానంతో వచ్చింది. అట్లాంటప్పుడు ఎవరైనా ఇంకో నాలుగు డ్యాన్స్ పాటలు చేసుకుంటారు. ఈమె మాత్రం 1984లో అమ్మానాన్నలు పాడుకున్న యెమెనీ పాటలతో ఒక ఆల్బం చేసింది. మార్కెట్‌లో చల్లబడిపోతుందని తెలియక కాదు. ఇమ్ నిన్‌అలూ అందులోది. రాసింది రబ్బీ షాలోం షబాజీ, 17వ శతాబ్దం యెమెన్ కవి. అదే శతాబ్దంలో మన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముడిని నిలదీస్తూ పాడుకున్నాడు. అక్కడ షబాజీ తన వాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టి మౌజా ఎడారికి తరిమిన కాలం చూశాడు. ఈయన పాట మొదటి మాటలోనే అంటాడు: ఉన్నవాళ్ల తలుపులు మూసుకుపోయినా, పై వాడి తలుపులు మూసుకోవు. పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టి ఆర్మూర్‌లో ఎనిమిది నెలలు ఎదురు చూసినదాన్ని నేను. ఆ మాట నాకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ ఆల్బంలో మన సావ్తా చేతిలోని డబ్బా చప్పుడే ఉంది. రేకు, రాగి పళ్లెం. ఎట్లాగో అది లండన్ చేరింది. 1987లో అక్కడి డీజేలు ఒక అమెరికన్ ర్యాప్ పాటను రీమిక్స్ చేస్తూ ఓఫ్రా ఆలాపన ముక్క కోసి అందులో అతికించారు. క్లబ్బుల్లో ఊగిపోయారు, ఆ గొంతు ఎవరిదో తెలియదు. దాంతో ఇజార్ అష్దోత్ అనే ఇక్కడి సంగీతకారుడు పాటకు కొత్త బీటు కట్టాడు. 1988లో జర్మనీలో తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా నిలబడింది. ఒక్కసారి లెక్క వేసుకోండి. మూడు వందల ఏళ్ల నాటి భక్తి పాట, అది కూడా హీబ్రూలో, జర్మనీలో, తొమ్మిది వారాలు. మ్యూనిక్‌లో ఆరు పాయింట్లతో పోయింది ఇట్లా తిరిగొచ్చిందని సావ్తా లెక్క.

నేను పాడటం నేర్చుకుంటున్నాను. మాటలు వచ్చేశాయి గాని ఒక అక్షరం దగ్గర ఆగిపోతున్నాను. నిన్ తర్వాత అలూలోని అ మన అ కాదు, గొంతు అడుగు నుంచి రావాలి. టెల్ అవీవ్ వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు, మామూలు అ లాగే అంటారు. యెమెనీ వాళ్లు వదల్లేదు, ఓఫ్రా కూడా వదల్లేదు, వినండి, ఆ అక్షరం దగ్గర గొంతు ఎట్లా తిరుగుతుందో. నేను మొదట్లో దగ్గినట్టు పలికాను. సావ్తా నా గొంతు మీద రెండు వేళ్లు పెట్టి, "దగ్గకు, ఆవలించు" అంది. ఇప్పుడు పది సార్లలో మూడు సార్లు వస్తోంది.

మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1987లో చిన్న విమానంలో వస్తుంటే జోర్డాన్ సరిహద్దు దగ్గర కొండకు తగిలి కూలింది, ఆమె, అలోని ఇద్దరూ బతికి బయటపడ్డారు. కిర్యా ఆల్బం గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. 1994లో ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి వేడుకలో పాడింది, ఇజ్రాయెల్ నాయకులు రబీన్, పెరెస్, పాలస్తీనా నాయకుడు అరాఫత్ ముగ్గురూ తీసుకున్న ఏడాది అది. 1998లో మోషే కథతో వచ్చిన హాలీవుడ్ కార్టూన్ సినిమాలో తల్లి యోఖెవెద్ పాత్రకు ఆమెదే గొంతు. బిడ్డను బుట్టలో పెట్టి నదిలో వదిలే తల్లి. ఆ పాటను 17 భాషల్లో తనే పాడింది. నా కొడుకును మా అమ్మ దగ్గర వదిలి వచ్చి నాలుగేళ్లయింది, అందుకని ఆ పాట నేను పూర్తిగా ఎప్పుడూ వినలేదు. ఎవరైనా పెడితే లేచి బాల్కనీలోకి పోతాను.

ఇప్పుడు ఆ మూడో మాట.

2000 ఫిబ్రవరిలో ఆమెను టెల్ హషోమెర్ ఆసుపత్రిలో చేర్చారు. రెండు వారాలు కూడా గడవలేదు, 23న పోయింది. 42 ఏళ్లు. పోయిన కొద్ది రోజులకే ఒక దినపత్రిక ఎయిడ్స్ వల్ల అని రాసేసింది. అట్లా రాయొచ్చా లేదా అని దేశమంతా కొట్లాడుకున్నారు. ఎవరి వల్ల వచ్చింది, ఎట్లా వచ్చింది అని రకరకాల కథలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ కథల్లోకి నేను పోను, పోవాల్సిన అవసరం నాకూ లేదు, మీకూ లేదు. నాకు బాధ కలిగించేది ఒకటే. 1996 నుంచే మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చేసింది, మనుషులు బతుకుతున్నారు. బయటపడితే పేరేమవుతుందోనన్న భయంతోనే ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లిందని ఇక్కడ చాలామంది అంటారు. అది నిజమైతే, ఆ భయం పుట్టింది మొన్న మన రూంలో వచ్చిన లాంటి నవ్వుల నుంచే.

మా ఊళ్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక అన్నకు ఇంట్లో స్టీలు పళ్లెం, గ్లాసు విడిగా పెట్టారు. పళ్లెం అంచుకు ఎర్ర పెయింట్ చుక్క పెట్టింది వాళ్ల అమ్మ, కలిసిపోకుండా. ఆయన రోజూ ఆ చుక్క తన వైపు తిప్పుకుని తినేవాడు, ఎదుటివాళ్లకు కనపడకుండా. నేను అప్పుడు చిన్నదాన్ని, ఎందుకట్లా తిప్పుతాడో అర్థం కాలేదు. మందులు అప్పటికే ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తున్నారు. తెచ్చుకోవడానికి బస్సెక్కితే ఎవరన్నా చూస్తారని ఆయన ఎక్కలేదు. ఒకరికి ఈ రోగం ఉందన్న సంగతి వాళ్లు ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని మన దేశంలో 2017లో చట్టమే వచ్చింది. ఆయన దాకా రాలేదు అది.

అసలు మనం నవ్వడమేంటి? మన పని ఏంటి? డైపర్ ఎన్నిసార్లు మార్చామో మనవడు వచ్చినప్పుడు చెప్తామా? రాత్రి రెండింటికి ఏడ్చిన ముసలాయన పొద్దున కొడుకుతో ఫోన్‌లో అంతా బాగే అంటుంటే పక్కనే నిలబడి తల ఊపుతాం. కట్టుడు పళ్లు ఎక్కడుంటాయో, వీపు మీద పుండు ఎంతుందో, నిద్రలో ఎవరి పేరు పలవరిస్తారో అన్నీ మనకు తెలుసు, ఒక్కటి కూడా గుమ్మం దాటనివ్వం. ఏజెన్సీ వాళ్లు ఇది మనకు నేర్పలేదు, మనకే తెలుసు. మనమందరం ఇక్కడికి వచ్చే ముందు రక్తం ఇచ్చి, ఆ కాగితం వచ్చేదాకా హైదరాబాద్‌లో ల్యాబు బెంచీ మీద టెన్షన్‌తో కూర్చున్నవాళ్లమే. అంత తెలిసిన మనం, బయటివాళ్ల శరీరం సంగతి ఇంత భద్రంగా దాచే మనం, పోయి ఇరవై ఏళ్లు దాటిన ఒక ఆడమనిషి జబ్బు మీద నవ్వుకున్నాం. అందులో నేనూ ఉన్నాను.

వారమంతా హీబ్రూనే కదా అన్న అన్నకు కూడా చెప్పాలి. నిజమే, వారమంతా హీబ్రూనే. మందులు, మూత్రం, షుగర్, లేవండి, కూర్చోండి, మింగండి. మనకు వచ్చిన హీబ్రూ అంతా ఇదే. ఆ భాషలో ఒక పాట కూడా ఉందని తెలిస్తే సోమవారం పొద్దున నోరు కాస్త తేలికపడుతుందని నా ఆశ, అంతే. బతుకమ్మకు గునుగు పువ్వు దొరకక మనం ఇక్కడ చామంతులతో, ఏవో పేరు తెలియని ఊదా పూలతో పేరుస్తున్నాం కదా, గౌరమ్మ ఏమన్నా అలిగిందా?

ఇంకో సంగతి. ఎంగిలిపూల అమావాస్య, వీళ్ల కొత్త సంవత్సరం చాలా ఏళ్లలో పక్కపక్కనే వస్తాయి. ఒకే అమావాస్య. సద్దుల బతుకమ్మ వచ్చేసరికి వీళ్ల కిప్పూర్ ఉపవాసం వస్తుంది. ఆ రోజు మాత్రం ప్రోగ్రాం పెట్టకండి, బస్సు కాదు గదా సైకిల్ తప్ప ఏమీ తిరగదు. లిస్టు రాసేటప్పుడు క్యాలెండర్ రెండు వైపులా చూడండి.

నేనడిగేది పది నిమిషాలు. డీజే మొదలుకాకముందు, బతుకమ్మ చుట్టూ ఒక రౌండ్ అయ్యాక. స్పీకర్ వద్దు, మైకు వద్దు. సావ్తా కుర్చీలో కూర్చుని డబ్బా వాయిస్తుంది, నేను పాడతాను, ఆమె దెబ్బకు మీరు చప్పట్లు కలపండి. మొన్న ఆమె ముందు మన ఉయ్యాలో పాట పాడి చూశాను, రెండో చరణానికే తాళం పట్టేసింది. ఆమె డబ్బాకు మన చప్పట్లు కుదురుతాయి, నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆ అక్షరం దగ్గర నా గొంతు తప్పితే నవ్వండి, దానికి నేనేమీ అనుకోను.

హాల్‌కు మెట్లున్నాయి. వీల్‌చైర్ ఎత్తడానికి ఇద్దరు అన్నలు కావాలి. జఖ్నూన్ అనే యెమెనీ రొట్టె రాత్రంతా ఓవెన్‌లో ఉంచి తెస్తానని సావ్తా కూతురు ఒప్పుకుంది, స్హుగ్ నేనే నూరతాను, కారం తక్కువ కావాలన్నవాళ్లు ముందే చెప్పాలి. కారు సంగతి ఆమెకు శుక్రవారంలోపు చెప్పాలి, కాబట్టి అవునో కాదో గురువారం రాత్రికల్లా చెప్పండి. సావ్తా అప్పుడే కొత్త డబ్బా కొనిపించింది. పాత దానికి తుప్పు పట్టిందట, పండగకు బాగుండదట.

ఇట్లు,
రోష్ హాయిన్ నుంచి మీ చెల్లె